సెలవు యాత్రలో దొరికిన దేశం

సెలవులకు వెళ్ళివచ్చిన ఊరిని మనలో చాలామందిమి నాలుగు ఫొటోలతోనూ, నలుగురికి చెప్పుకునే రెండు ముచ్చట్లతోనూ సరిపెట్టుకుంటాం. ఎప్పుడో, ఎవరినో మాత్రం ఆ ఊరు ఇంటికి వచ్చాక కూడా వదలదు. అలా గ్రీసు చేత చిక్కిన ఒక ఆంగ్లేయ యువకుని కథ ఇది. అతడు కవి బైరన్.

ఆ కాలంలో ఇంగ్లండులోని సంపన్నుల బిడ్డలు చదువు ముగించుకొని ఫ్రాన్సు, ఇటలీ దేశాలు చుట్టిరావడం ఆనవాయితీ. దానిని గ్రాండ్ టూర్ అనేవారు. నెపోలియన్ యుద్ధాలతో ఆ దారులు మూసుకుపోయాయి. అందుచేత 1809 జులైలో, ఇరవై ఒకటవ ఏట, మిత్రుడు హాబ్‌హౌస్‌తో కలిసి బైలుదేరిన బైరన్ పోర్చుగల్, స్పెయిన్, మాల్టాల మీదుగా తూర్పుకు మళ్ళాడు. యుద్ధం లేకపోతే అతడు రోములోనే ఆగిపోయేవాడేమో!

అప్పటికి గ్రీసు అనే రాజ్యం లేదు. అది ఆటోమన్ సుల్తాను ఏలుబడిలోని భూమి. ఏథెన్స్ ఒక చిన్న పట్టణం. అక్రొపొలిస్ కొండ మీద తురుష్క సైనికుల కాపలా ఉండేది. 1809 క్రిస్మస్‌నాటికి మిత్రులిద్దరూ ఏథెన్స్ చేరి, థియొడోరా మాక్రి అనే వితంతువు ఇంట బస చేశారు. ఆమె కుమార్తె తెరీసాను ఉద్దేశించి బైరన్ రాసిన గీతంలో ప్రతి చరణమూ గ్రీకు మాటలతో ముగుస్తుంది. ఆ గ్రీకు బడిలో వల్లె వేసిన ప్రాచీన భాష కాదు, వీధిలో వినబడే భాష. నాటి ప్రయాణికులలో అనేకులు ప్రాచీన గ్రీకు చదివినవారే. కాని ఎదుట నిలిచిన మనిషి మాట్లాడే గ్రీకు నేర్చుకోవాలనుకున్నవారు అరుదు.

అంతకు కొద్ది రోజుల ముందు వొస్తిత్స అనే ఊళ్ళో ఒక సంఘటన జరిగింది. స్థానిక ప్రముఖుడైన అంద్రేయాస్ లోందోస్ అనే యువకుడు వీరికి ఆతిథ్యమిచ్చాడు. ఒకనాడు మాటల్లో రీగాస్ ప్రస్తావన వచ్చింది. గ్రీకు స్వేచ్ఛను కలగని, 1798లో బెల్‌గ్రేడ్‌లో ఆటోమన్ల చేతిలో హతుడైన రచయిత రీగాస్. ఆ పేరు చెవిన పడగానే లోందోస్ ఆడుతున్న ఆటపలకను తోసివేసి, లేచి నిలబడి, చేతులు జోడించి, కన్నీళ్ళతో ఆ పేరే మళ్ళీ మళ్ళీ పలికాడని హాబ్‌హౌస్ రాసిపెట్టాడు. శిథిలాలు చూడవచ్చిన వారికి ఆ శిథిలాల మధ్య బతుకుతున్న జాతి మొదటిసారి కంటబడినది బహుశా అప్పుడే.

అదే ఏథెన్స్‌ను అదే కాలంలో ప్రేమించిన మరొక ఆంగ్లరాజ్య ప్రభువు ఉన్నాడు, ఆటోమన్ల వద్ద బ్రిటిష్ రాయబారిగా పనిచేసిన లార్డ్ ఎల్గిన్. అతని మనుషులు 1801 నుండి పార్థెనాన్ శిల్పాలను ఊడదీసి ఓడలకెక్కించారు. బైరన్ దీనిని తన కవిత్వంలో తీవ్రంగా నిందించాడు. విచిత్రమేమంటే, 1811లో బైరన్ ఏథెన్స్ విడిచి మాల్టాకు ప్రయాణమైన ఓడలోనే ఎల్గిన్ శిల్పాలు కొన్ని కూడా ప్రయాణించాయి! 1816లో బ్రిటిష్ పార్లమెంటు ఆ శిల్పసంపదను 35,000 పౌన్లకు కొన్నది. అవి నేటికీ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి.

ఈ ఘట్టం మన తెలుగువారికి పరాయిది కాదు. 1845లో వాల్టర్ ఎలియట్ అమరావతి స్తూపం వద్ద త్రవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, అక్కడినుండి 1859లో లండన్‌కు తరలిపోయాయి. వాటిని అక్కడివారు చాలాకాలం ఎలియట్ మార్బుల్స్ అని పిలిచారు. ఎల్గిన్ మార్బుల్స్ వరుసలో పెట్టిన పేరు! మన పల్నాటి సున్నపురాయికి పాలరాయి అన్న పేరు, ఆ పైన ఒక దొర పేరు తగిలించారు. అవీ ఇప్పుడు ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. వాటిని చూసిన తెలుగువానికి, పార్థెనాన్ శిల్పాల ముందు నిలబడిన గ్రీకువాని మనసు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

బైరన్‌ను మాత్రం మచ్చలేనివాడనలేం. సూనియన్ అగ్రంలోని పొసైడన్ ఆలయ స్తంభం మీద అతని పేరు చెక్కి ఉంది. అతడే చెక్కాడని ప్రతీతి. రాళ్ళు తరలించినవానిని తిట్టిన చేయి రాతి మీద పేరు గీసిందంటే, యాత్రికుని ప్రేమలో ఎంతో కొంత స్వాధీనపు కోరిక ఉండనే ఉంటుందనుకోవాలి.

ఆ ప్రేమకు పరీక్ష పన్నెండేళ్ళకు వచ్చింది. 1821లో గ్రీకులు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు నాయకులలో లోందోస్ ఒకడు. 1823లో ఇటలీ నుండి బైలుదేరిన బైరన్, గ్రీకు నౌకాదళం కోసం తన సొంత ధనం 4,000 పౌన్లు ఇచ్చి, 1824 జనవరిలో మిస్సొలొంగి చేరాడు. ఐరోపా నుండి వచ్చిన స్వచ్ఛంద యోధులలో చాలామంది పెరిక్లీస్ కాలపు వీరులను ఊహించుకొని వచ్చారు. తమలో తాము కలహించుకునే వర్గాలను, జీతం కోసం పేచీ పడే సైనికులను చూసి విరక్తి చెందారు. బైరన్‌కూ విసుగు కలిగింది, కాని ఆశ్చర్యం కలగలేదు. అతడు ఆ మనుషులను అదివరకే ఎరిగినవాడు. వారు దేవతాంశ సంభూతులు కానక్కరలేదు, స్వేచ్ఛకు అర్హులు కావడానికి మనుషులైతే చాలునని అతని నడవడి చెబుతుంది.

అతడు ఒక్క యుద్ధమూ చేయలేదు. జ్వరపడగా వైద్యులు పదే పదే రక్తం తీశారు. 1824 ఏప్రిల్ 19న, 36వ ఏట మరణించాడు. ఆ వార్త ఐరోపా దృష్టిని గ్రీసు వైపు తిప్పింది. 1827లో నవరినో సముద్రయుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాల నౌకలు ఆటోమన్, ఈజిప్టు నౌకాదళాన్ని ధ్వంసం చేశాయి. 1830లో గ్రీసు స్వతంత్రదేశమైంది. ఇదంతా ఒక కవి మరణం వల్లనే జరిగిందనడం అతిశయోక్తి. దానికి పాత్ర లేదనడమూ అన్యాయమే.

ఒకే కొండను చూసి ఇద్దరు ప్రభువులు మోహపడ్డారు. ఒకడు నచ్చినదాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. మరొకడు నచ్చినచోటికి తానే తిరిగి వెళ్ళాడు. ఏథెన్స్‌లో నేడు ఒక పేటకు వీరొనాస్ అని పేరు. బైరన్ పేరుకు అది గ్రీకువారి ఉచ్చారణ. స్తంభం మీది పేరు అతడు చెక్కుకున్నదైతే, ఈ పేరు వారు పెట్టుకున్నది.