ఓడమాటలు – మన మాటలు

మా శిడ్లఘట్టకు పట్టుగూళ్ళ సంత కలదు గాని సముద్రము లేదు. అక్కడినుండి వచ్చిన మా తెలుగును విని, ఇది కన్నడము కలిసిన తెలుగని కొందరు నవ్వుదురు. వారికి సమాధానము ఓడరేవులలో దొరకుచున్నది.

ఓడ, పడవ, రేవు, తెరచాప మన మాటలే. లంగరు పారసీకము. చుక్కాని అరబ్బీ ‘సుక్కాను’నుండి వచ్చినది. బందరనగా పారసీకమున రేవు. ఇవి పరాయివని ఏ తెలుగువాడును నేడు తలచడు.

పూర్వరాజులు తుపానున ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును హరించుచుండిరి. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనము వేయించి, సుంకము మాత్రమే గైకొందునని మాట యిచ్చెను. ఆ సుంకపు సరకులలో పట్టునూలు కూడ కలదు. ఇట్టి వర్తకముతో మాటలును వచ్చినవి. శ్రీనాథుని హరవిలాసమున అవచి తిప్పయసెట్టి సుగంధద్రవ్యములు తెప్పించిన ఓడలలో కప్పలి, జోంగు అనునవి కలవు. మలయుభాషలో కపల్, జోంగ్ అనునవి ఓడల పేర్లే.

మన పేరును సముద్రము దాటినది. గోదావరి ముఖమున కోరంగి ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి. అందుచేత బర్మాలో తెలుగువారిని కోరంగీలనిరి.

దేశదేశముల కళాసులు కలిసి పనిచేయు ఓడపై ఒక కలగలుపు భాష పెరిగెను. దానికి థామస్ రోబక్ 1811లో నిఘంటువు కూర్చెను. పిమ్మట ఆవిరియంత్రము వచ్చెను. ఇంజనుగదిలో పెద్ద సరంగు. అతని క్రింద తండేలు. కొలిమికి బొగ్గు వేయువాడు ఆగ్‌వాలా. బొగ్గు చేరవేయువాడు కోయిలావాలా. శ్రీకాకుళపు జాలరులు పడవనాయకుని నేటికిని తండేలనియే పిలుతురు. 1948 మార్చి 14న విశాఖపట్టణమున నెహ్రూగారు జలప్రవేశము చేయించిన ‘జల ఉష’ కూడ ఆవిరి ఓడయే. ఓడలో ఆవిరి పుట్టించు బాయిలరును, మా ఊర పట్టుగూళ్ళు ఉడికించుటకు ఆవిరినిచ్చు బాయిలరును ఒకే పేరున పిలువబడుచున్నవి.

పనితో వచ్చిన మాట పనిచేయువాని నోట తెలుగైనది. కన్నడముతో తరతరములుగ కలిసి బ్రదికిన మా పలుకును అట్టిదే. దానికి సిగ్గుపడి పిల్లలతో మాటలాడుట మానినచో నష్టము మనదే. ఓడమాటలను రోబక్ కూర్చినట్లు, ఈ ఉగాదినుండి ఇంటి పెద్దల నోట వినబడు పట్టుపని మాటలను పిల్లలచేత వ్రాయింతము.