బూడిద రాలిన దీవి, లెక్కకు రాని తిండి

సికింద్రాబాద్ పక్కనే బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం ఉంది. నల్లమలలో యురేనియం సర్వే చేస్తామన్నది ఈ సంస్థే. చెంచు పెంటలు వద్దన్నాయి. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ రోజుల్లో మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు: "సార్, రేడియేషన్ ఒంట్లోకి ఎంత పోయిందో ఎట్ల తెలుస్తది?" జవాబు కోసం వెతికితే పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవుల చరిత్ర దొరికింది.

అమెరికా 1946 నుంచి 1958 వరకు అక్కడ 67 అణు పరీక్షలు చేసింది. 1954 మార్చి 1న బికినీలో పేల్చిన 'బ్రావో' బాంబు హిరోషిమా బాంబుకు దాదాపు వెయ్యి రెట్లు. దాని బూడిద తూర్పున ఉన్న రొంగెలాప్ దీవి మీద రాలింది. పిల్లలు అందులో ఆడుకున్నారు. బూడిద పడిన నీళ్లే తాగారు, ఆ తిండే తిన్నారు. పక్క దీవిలోని అమెరికా సైనికులను ముందు తరలించారు. రొంగెలాప్ వాళ్లను రెండు రోజుల తర్వాత గానీ తీసుకుపోలేదు.

బయటి నుంచి తగిలిన రేడియేషన్‌ను పరికరాలతో అంచనా వేయవచ్చు. లోపలికి పోయినదాన్ని అట్లా కొలవలేం. అందుకని రెండు వారాలు దాటాక జనం మూత్రం సేకరించి, అందులోని అయోడిన్-131ను బట్టి వెనక్కి లెక్క కట్టారు. ఈ అయోడిన్ ఎనిమిది రోజులకు సగమవుతుంది కాబట్టి కొంత మిగిలింది. గంటల్లోనే తరిగిపోయే మిగతా రకాల అయోడిన్ అప్పటికే మాయమైంది. కానీ గొంతులోని థైరాయిడ్ గ్రంథిని ఎక్కువగా దెబ్బతీసింది అవే. పసిపిల్లల గ్రంథి చిన్నది కనుక వాళ్లకు దెబ్బ మరీ ఎక్కువ. 1963 నుంచి థైరాయిడ్ గడ్డలు బయటపడ్డాయి. 1985లో లెక్క మళ్లీ కడితే మోతాదు మొదటి అంచనాకు ఎన్నో రెట్లు తేలింది.

1957లో రొంగెలాప్ వాళ్లను తిరిగి పంపారు. పగడపు నేలలో పొటాషియం తక్కువ. అందుకే చెట్లు దాని బదులు సీజియంను పీల్చుకున్నాయి. కొబ్బరి ద్వారా, ఇతర తిండి ద్వారా అది మనుషుల్లోకి చేరింది. బికినీకి తిరిగి వచ్చినవాళ్ల ఒంట్లోనూ సీజియం పెరగడంతో 1978లో వాళ్లను మళ్లీ ఖాళీ చేయించారు. రొంగెలాప్ జనం 1985లో తామే దీవి విడిచారు.

యురేనియం తవ్వకం, బాంబు ఒకటి కావు. ఆ తేడా పిల్లలకు తప్పక చెప్పాలి. కానీ రెండింటిలోనూ లెక్క ఒక ప్రశ్న దగ్గరే మొదలవుతుంది: ఇక్కడి మనుషులు ఏం తింటారు, ఏ నీళ్లు తాగుతారు? పట్నం మనిషి తిండిని బట్టి చెంచు మనిషికి లెక్క కడితే తేనె, గడ్డలు, ఇప్పపువ్వు, వాగు నీళ్లు అందులోకి రావు.

అందుకే ఉపాధ్యాయులకు, యువతకు ఒక మాట. మీ గూడెంలో ఏ నెలలో ఏం తింటారో, ఏ చెలమ నీళ్లు తాగుతారో పెద్దలను అడిగి ఒక నోటుబుక్కులో రాయించండి. రేపు ఎవరైనా మన పేరున లెక్క కడితే, దాన్ని సరిచూసే కాగితం మన చేతిలో ఉండాలి.