ఉప్పునీటి ఆక్వేరియంలో ఇసుక: ఒక చారిత్రక పరిశీలన

మీరు భైంసాలో ఉన్నారనుకోండి. ఊరి పక్కనే సుద్దవాగు, బాసర వెళ్తే గోదావరి. ఇసుకకు కొదవ లేదు. సముద్రం మాత్రం వందల కిలోమీటర్ల దూరం. ఇంట్లో ఉప్పునీటి ఆక్వేరియం పెట్టాలనుకుంటే, వాగు ఇసుకను కడిగి పోస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. జవాబు చెప్పే ముందు, తొట్టి అడుగున ఇసుక చేసే పని గురించి మనుషుల అవగాహన ఎట్లా మారుతూ వచ్చిందో చూద్దాం.

1846లో అన్నా థిన్ అనే ఆంగ్ల మహిళ టార్కీ తీరం నుంచి పగడపు జీవులను లండన్‌లోని తన ఇంటికి తెచ్చింది. సముద్రపు నీటిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పదే పదే పోయిస్తూ వాటిని బతికించింది. ఆ పోత పని చేసింది ఇంటి పనిమనిషి. ఆమె పేరు మాత్రం మన పాఠాల దాకా రాలేదు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో మత్స్యశాల తెరుచుకుంది. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన ‘ది అక్వేరియం’ వెలువడింది. మొక్కలు ప్రాణవాయువు ఇస్తాయి, జంతువులు పీల్చుకుంటాయి, ఇదే సమతుల్యం అన్నది ఆనాటి సూత్రం. ఈ లెక్కలో ఇసుకకు పెద్ద పాత్ర లేదు. అది బొరియలు చేసుకునే జీవులకు ఇల్లు, చూసేవారికి అందం, అంతే.

ఈ మోజుకు ఒక మూల్యం ఉంది, గమనించండి. పుస్తకం చదివిన జనం సుత్తి, బుట్ట పట్టుకొని తీరాల మీద పడ్డారు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని రాతిగుంటలు వట్టిపోయాయని గాస్ కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో బాధతో రాశాడు.

మన వైపు చూస్తే, 1909లో మద్రాసు మెరీనా తీరాన ప్రభుత్వ ఆక్వేరియం ప్రారంభమైంది. అప్పట్లో కోస్తా తెలుగు జిల్లాలు ఆ రాజధానిలో భాగం. భైంసా నిజాం రాజ్యంలో ఉండేది. మెరీనా వారికి సముద్రం గుమ్మం ముందే ఉంది కనుక నీటికి, ఇసుకకు వెతుకులాట లేదు. మీకున్న చిక్కు అది లేకపోవడమే.

అసలు మలుపు మట్టిని పరిశోధించినవారి నుంచి వచ్చింది. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులను వేరుచేసి చూపాడు. చేపల విసర్జనలోని అమ్మోనియా వాటికే విషం. ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవులు రేణువుల మీద కాపురం ఉంటాయి. 20వ శతాబ్దం మధ్యలో గులకరాళ్ల గుండా నీటిని లాగే అడుగు వడపోతలు ఇంటింటి తొట్లలోకి వచ్చాయి. 1980లలో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ జోబెర్ మందపాటి ఇసుక పొరలో, ఆక్సిజన్ తక్కువగా ఉండే లోతుల్లో నైట్రేట్ నైట్రోజన్ వాయువుగా విడిపోయే పద్ధతిని రూపొందించాడు. అట్లా ఒకప్పుడు అలంకారమైన ఇసుక వడపోత యంత్రమైంది.

ఇప్పుడు మన వాగు ఇసుక దగ్గరికి వద్దాం. భైంసా చుట్టూ ఉన్నది దక్కను నల్లరాతి నేల. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా అది. దాని అరుగుదలతో వచ్చే ఇసుకలో ఇనుప ఖనిజాలు ఉంటాయి. ఎండిన ఇసుకలో అయస్కాంతం తిప్పి చూడండి, నల్లని రేణువులు అంటుకుంటాయి. అంతకన్నా భయపడాల్సింది పత్తి చేల నుంచి కొట్టుకొచ్చే పురుగుమందులు. చేప తట్టుకున్నా రొయ్య తట్టుకోదు. ఎంత కడిగినా ఆ అనుమానం పోదు కనుక వాగు ఇసుక వద్దనే నా అభిప్రాయం. విశాఖ, భీమిలి తీరపు ఇసుకలోనూ ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ వంటి బరువు ఖనిజాలున్నాయి.

అంగట్లో కొన్న ఇసుక మీద కొంచెం వెనిగర్ చుక్క వేయండి. బుసబుస పొంగితే అది కాల్షియం కార్బొనేట్, అంటే గవ్వ, పగడం లేదా అరగొనైట్ జాతి. పొంగకపోతే పలుగురాతి ఇసుక. అరగొనైట్ నీటి క్షారతను తనంతట తానే నిలబెడుతుందన్న మాట అతిశయోక్తి. తొట్టి నీటిలో అది పెద్దగా కరగదు. పలుగు ఇసుక పాకుడు పెంచుతుందన్న భయమూ అంతే. శుభ్రమైనదైతే రెండూ పనికొస్తాయి. కానీ మన దేశపు పగడాన్ని పొడిచేసిన ఇసుక అమ్మజూపితే తీసుకోవద్దు. తూత్తుకుడి ప్రాంతంలో సున్నం కోసం పగడపు దిబ్బలను దశాబ్దాలు తవ్వేశారు. 2001లో దిబ్బలు కట్టే పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఎక్కడి సరుకో అడిగి, బిల్లు తీసుకోండి.

అడుగు 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు ఉన్న తొట్టిలో 3 సెం.మీ. మందానికి 12 లీటర్ల ఇసుక, అంటే దాదాపు 18 కిలోలు పడుతుంది. నీళ్లు తేటబడేదాకా ఇసుకను కడగండి. ముందు రాళ్లను అద్దం మీదే కుదురుగా పెట్టి, ఆ తర్వాత ఇసుక పోయండి. ఇసుక మీద రాయి పెడితే, కింద తవ్వే రొయ్య దాన్ని కూల్చేస్తుంది. ఇసుక మీద ఒక పళ్లెం ఉంచి, ఉప్పు కలిపిన శుద్ధజలాన్ని పళ్లెం మీదికి నెమ్మదిగా వదలండి. ఇప్పటికే చేపలున్న తొట్టి అయితే పంపు ఆపి, పైపు ద్వారా అడుగుకు కొద్దికొద్దిగా, రెండు మూడు వారాల్లో వేయాలి. ఒకేసారి పోస్తే పాత ఇసుకలోని సూక్ష్మజీవులు ఊపిరాడక చస్తాయి. ఏళ్లనాటి మందపాటి పొరను కెలకవద్దు, దాని అడుగున విషపూరితమైన హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండవచ్చు.

నీరు ఒకటి రెండు రోజులు పాలలా ఉంటుంది. అది తేరుకోవడం చూసి చేప కోసం బయలుదేరకండి. సూక్ష్మజీవులు స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిన తర్వాతే మొదటి చేపను తెచ్చుకోండి.