పక్షవాతం: మెదడులో స్థానం, లక్షణాలు

మెదడుకు రక్తం అందించే ధమని పూడుకుపోవడం వల్ల గాని, చిట్లడం వల్ల గాని అక్కడి నాడీకణాలు దెబ్బతినే స్థితి పక్షవాతం. ఏ లక్షణం కనిపిస్తుందన్నది దెబ్బ తగిలిన చోటును బట్టి ఉంటుంది. కదలికలను నడిపే నాడీమార్గాలు మెదడుకాండం అడుగున ఒక వైపు నుంచి మరో వైపుకు దాటుతాయి కనుక ఎడమ అర్ధగోళం దెబ్బతింటే కుడి కాలూచేయీ పడిపోతాయి. ఎక్కువమందిలో భాషాకేంద్రాలూ ఎడమవైపే ఉండటంతో అఫేసియా, అంటే మాటలు దొరకకపోవడం లేదా అర్థం కాకపోవడం, తోడవుతుంది. తెలుగుతో పాటు ఒడియా కూడా మాట్లాడేవారున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఇది రెండు భాషలనూ తాకవచ్చు గాని, రెండూ సమానంగా తిరిగి వస్తాయన్న నియమం లేదు. కుడి అర్ధగోళం దెబ్బతిన్నవారు ఎడమ పక్కనున్నదాన్ని అసలు పట్టించుకోకపోవచ్చు. చిన్నమెదడు దెబ్బతింటే అదే వైపు అవయవాల పొందిక చెడి నడక తూలుతుంది. దీన్ని తాగిన మైకంగా పొరబడటం కద్దు.

ఉద్దానంలోని పలాస, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో విస్తరించిన దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి, ముఖ్యంగా డయాలసిస్ దశలో, పక్షవాతం ముప్పును పెంచుతుంది. పైగా రక్తంలో వ్యర్థాలు పేరుకున్నా, చక్కెర పడిపోయినా ఇవే లక్షణాలు కనిపించవచ్చు కనుక లక్షణాలను బట్టి చోటును ఊహించినా, సీటీ స్కాన్ తప్పదు. ధమనిని పూడ్చిన రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి.