రక్తం ఉచితమే, మరి పోయిన కూలి?

పోయిన భాగంలో 1908 మూసీ వరద గురించి రాశాను. ఆ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నాశనమైంది. తర్వాత మూసీ ఒడ్డునే ఉస్మానియా ఆసుపత్రి లేచింది. పేదలకు వైద్యం దొరికింది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ కాలపు ఆసుపత్రి ఎవరిని దృష్టిలో పెట్టుకుంది? కలరా, ప్లేగు, కాన్పు, దెబ్బ. రోగి వస్తాడు, నయమై ఇంటికి పోతాడు, లేదంటే చనిపోతాడు. బతికినన్నాళ్లూ తిరిగి తిరిగి రావాల్సిన బిడ్డ ఆ లెక్కలో లేదు.

తలసేమియా మేజర్ అలాంటి జబ్బు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించే కొద్దీ ఒంట్లో ఇనుము పేరుకుని గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దాన్ని బయటికి పంపే మందు కూడా వాడుతూనే ఉండాలి.

1998లో కొందరు తల్లిదండ్రులు, డాక్టర్లు, దాతలు కలిసి తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పెట్టుకున్నారు. చాలా ఏళ్లు పాతబస్తీ పురానీ హవేలీలో నడిచింది, ఇప్పుడు శివరాంపల్లిలో ఉంది. తలసేమియాను వైకల్యాల జాబితాలో చేర్చిన చట్టం 2016లో గానీ రాలేదు. అంటే 18 ఏళ్ల తర్వాత.

ఇప్పుడు కూలి లెక్క చూద్దాం. మూడు వారాలకోసారి అంటే ఏడాదికి 17 రోజులు. పరీక్షలకు, రక్తదాతల కోసం తిరుగుడుకు పోయే రోజులు వేరే. పదేళ్లకు 170 కూళ్లు. లాడ్‌బజార్ గాజులకు రాళ్లు అతికించే తల్లికి, అడ్డా మీద నిలబడే తండ్రికి పని చేస్తేనే డబ్బు. ఒక వారం బిడ్డను తీసుకురాకపోతే ‘తల్లిదండ్రుల నిర్లక్ష్యం’ అంటారు. ఆ వారం ఇంట్లో బియ్యం ఉన్నాయా అని మాత్రం అడగరు.

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. 1942లో బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్ అయ్యారు. ఆయన హయాంలోనే 1943లో బి.పి. అదార్కర్‌కు కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని అప్పగించారు. 1944లో నివేదిక వచ్చింది, 1948లో ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. జబ్బు చేస్తే మందు ఒక్కటే చాలదు, పోయిన జీతం కూడా ఇవ్వాలన్నది అందులోని అసలు మాట. కానీ ఆ డబ్బు కార్మికుడు తానే మంచం పడితేనే వస్తుంది. బిడ్డ పక్కన కూర్చున్న రోజుకు రాదు. అడ్డా కూలీకైతే ఆ చట్టమే అందలేదు.

పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి తలసేమియా బాధితులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. కాబట్టి ఇది కుదరని పని కాదు.

రక్తం ఎక్కించిన ప్రతి తేదీ ఆసుపత్రి రికార్డులో ఉంటుంది. ఆ తేదీకి బిడ్డ వెంట వచ్చిన మనిషికి ఆ రోజు కనీస వేతనం ఇవ్వాలి. మనం అడగాల్సింది ఇదే. దయ కాదు, బాబాసాహెబ్ మొదలుపెట్టించిన లెక్కలో మిగిలిపోయిన బాకీ.

జై భీమ్.