కొండ దిగిన సైకిలు

మా రాజపాళయంలో పిల్లవాడు ఎనిమిదో తరగతికి వస్తే చాలు, లావు టైర్ల సైకిలు కావాలంటాడు. పెద్దవాళ్లు కొట్టుకు వెళ్లి ముందూ వెనకా షాకులున్నది, గేర్లు ఎక్కువున్నది ఏరి తెస్తారు. ఆ షాకు ఎందుకొచ్చింది, ఆ టైరు అంత లావు ఎందుకైంది అని అడిగేవాళ్లు తక్కువ. అడిగి తీరాలి. ఈ సైకిల్లో ప్రతి భాగమూ ఏదో ఒక దారి పెట్టిన కష్టంలోంచి పుట్టింది. మన దారిలో ఆ కష్టమే లేకపోతే ఆ భాగానికి పెట్టే డబ్బు దండగ.

ఈ లావు టైర్ల సైకిలుకు, అంటే మౌంటెన్ బైకుకు, పుట్టిల్లు అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మారిన్ కౌంటీ. 1970లలో అక్కడి కుర్రాళ్లు కొందరు పాతసామాన్ల కొట్లలో పడి ఉన్న 1930, 40ల నాటి ష్విన్ సైకిళ్లను తెచ్చి, మడ్‌గార్డులు ఊడబెరికి, టమల్‌పైస్ కొండ మీంచి కిందికి తోలేవారు. ఆ కాలంలో నాజూకు టైర్ల రేసు సైకిళ్లు లేక కాదు, ఆ రాళ్ల మీద అవి నిలవవు. ష్విన్ కంపెనీ 1933లో పిల్లల సైకిళ్లకని తెచ్చిన బెలూన్ టైరు మాత్రం నిలిచింది. 26 అంగుళాల చక్రం, రెండంగుళాలకు పైన వెడల్పు. ఈ కొలత ఎవరో లెక్కగట్టి పెట్టింది కాదు, చేతికి దొరికిన పాత టైరుది. అయినా తర్వాత ముప్ఫై ఏళ్ల దాకా ప్రపంచమంతా దాన్నే వాడింది.

1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర ఒక మట్టిదారిలో పందెం పెట్టారు. ఆ కుర్రాళ్లలో ఒకడైన చార్లీ కెల్లీ నిర్వాహకుడు. మూడున్నర కిలోమీటర్లలోపు దూరంలో దారి సుమారు 400 మీటర్లు కిందికి పడిపోతుంది. సైకిలుకు బ్రేకు వెనక హబ్‌లోనే, పెడలు వెనక్కి తొక్కితే పట్టేది. కిందికి చేరేసరికి హబ్ కాలి గ్రీజు పొగైపోయేది. మళ్లీ విప్పి గ్రీజు కూరితే తప్ప పనికిరాదు. అందుకే ఆ దారికి రీప్యాక్ అనే పేరు నిలిచిపోయింది. ఆ కాలిన గ్రీజే తర్వాతి బ్రేకులన్నిటికీ మూలం. డ్రమ్ బ్రేకులు, మోటారుసైకిల్ లీవర్లు, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు డిస్కులు వచ్చాయి.

దిగడం సరే, ఎక్కడం ఎలా? ఇరవై కిలోలు దాటిన ఇనుమును పైకి నెట్టుకుంటూ పోవాలి. ఆ బాధ తీరాలని వాళ్లలోనే ఒకడైన గ్యారీ ఫిషర్ తన పాత సైకిలుకు గేర్లు బిగించాడు. పాత ఫ్రేములు ఈ మోటు వాడకానికి విరుగుతుంటే, 1977లో వాళ్లలో మరొకడు జో బ్రీజ్ క్రోమోలీ ఉక్కు గొట్టాలతో ఈ పనికే కొత్త ఫ్రేము కట్టాడు. ఆ మొదటి సైకిలు ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. నా దృష్టిలో మౌంటెన్ బైకు నిజంగా పుట్టింది ఆ ఏడాదే, అంతకు ముందు ఉన్నవి మరమ్మతు చేసిన పాత సైకిళ్లు. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి మౌంటెన్‌బైక్స్ అనే కంపెనీ పెట్టి, టామ్ రిచీ చేసిన ఫ్రేములతో సైకిళ్లు అమ్మారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపాన్‌లో చేయించిన స్టంప్‌జంపర్‌తో మౌంటెన్ బైకు కొట్లకెక్కింది. 1989లో రాక్‌షాక్స్ ముందు షాకు, 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో చోటు. 2000 తర్వాత 29 అంగుళాల చక్రం వచ్చి 26ను పక్కకు నెట్టింది. పెద్ద చక్రం రాయి మీద తేలిగ్గా దొర్లుతుంది.

మన వైపు కథ వేరు. 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్ వారి నల్లటి సైకిళ్ల మీదే మా మిల్లు కార్మికులు షిఫ్టులకు వెళ్లారు. లావు టైర్ల హెర్క్యులెస్‌లు, హీరో రేంజర్లు వచ్చాక ఆ రూపం పిల్లలకు నచ్చింది. వాటిలో చాలావాటికి కొండ రూపమే తప్ప కొండ సత్తువ లేదు. చౌక సైకిలుకు పెట్టే వెనక షాకు బరువు పెంచుతుంది, తొక్కిన బలాన్ని తానే మింగుతుంది.

మరి రాజపాళయానికి ఏది? పడమట ముడంగియారు దాటి అయ్యనారు కోవెల వైపు పోతే మామిడి, కొబ్బరి తోటల మధ్య గులకరాళ్ల దారులు. తూర్పున నల్లరేగడి చేలు. రీప్యాక్ లాంటి దిగుడు మన నిత్యపు తోవలో లేదు, కాబట్టి వెనక షాకు అక్కర్లేదు. ముందు షాకు 80 నుంచి 100 మిల్లీమీటర్లు ఆడితే చాలు. తారురోడ్డు మీద దాన్ని బిగించే ఏర్పాటు ఉంటే మంచిది. ఐప్పసి, కార్తీక నెలల వానల్లో రేగడి రిమ్ముకు అంటుకుని మామూలు బ్రేకు జారుతుంది. అక్కడ డిస్కు బ్రేకుకు పెట్టిన డబ్బు వృథా కాదు. టైరు 2.1 అంగుళాల చుట్టుపక్కల ఉండాలి. మరీ లావైతే ఫ్రేముకూ టైరుకూ నడుమ బురద ఇరుక్కుని చక్రమే తిరగదు. సీమకరువేల ముల్లు ఏ టైరునూ వదలదు, ట్యూబులో సీలెంటు పోయించండి. ముందు ఒకే పళ్లచక్రం, వెనక తొమ్మిది గేర్లు ఉంటే కొండమొదటి ఎత్తులు ఎక్కేయొచ్చు. మిల్లుకూ బజారుకూ తప్ప పోనివారికి షాకే లేని సైకిలు మేలు. ఇక అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఫ్రేము కొలత. రెండు కాళ్లూ నేల మీద ఆనించి నిలబడితే పైగొట్టానికీ మీకూ మధ్య రెండంగుళాల ఖాళీ ఉండాలి. ఎదుగుతాడులే అని పిల్లవాడికి పెద్ద సైకిలు కొనకండి. పడేది వాడే.

అడవి మాటా చెప్పాలి. కొండ వైపు భూమి 1988 నుంచి నెరసిన పెద్ద ఉడుతల అభయారణ్యం, 2021 నుంచి శ్రీవిల్లిపుత్తూరు మేగమలై పులుల సంరక్షణ కేంద్రం. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి సైకిలు తోలకూడదు. మారిన్‌లోనూ చాలా సన్నదారుల్లో సైకిళ్లకు ప్రవేశం లేదు. మనకు తోటదారులు చాలినన్ని ఉన్నాయి. కానీ ఆ తోటల్లోకి ఏనుగులు దిగుతాయి, పొద్దు వాలకముందే ఇల్లు చేరండి.