ఎక్స్‌పికి తిరుగు ప్రయాణం: వెనక్కి మళ్లిన ల్యాప్‌టాప్‌ల చరిత్ర

‘పాత ఒక రోత, కొత్త ఒక వింత’ అన్నారు పెద్దలు. కంప్యూటర్ల వ్యాపారమంతా ఈ సామెత మీదే నడుస్తున్నదంటే అతిశయోక్తి కాదు. అయితే 2007 మొదలు సుమారు మూడేళ్లపాటు ఈ సామెత తలకిందులైంది. కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, దానితోపాటు వచ్చిన సరికొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసేయించి, ఆరేళ్ల కిందటి పాతదాన్ని పెట్టించుకున్నవారు దేశదేశాల్లో ఎందరో ఉన్నారు. ఉద్యోగంలో చివరి సంవత్సరాలు నేను మా కార్యాలయం కంప్యూటర్ విభాగంలో పనిచేశాను గనుక, అటువంటి యంత్రాలు కొన్ని నా చేతుల మీదుగానే వెనక్కి మళ్లాయి.

ఆ చరిత్రను ఈ ప్రత్యేక సంచికలో చెప్పుకోవడానికి కారణం లేకపోలేదు. మన సభ్యుల్లో పలువురి ఇళ్లలో విండోస్ 10 ఉన్న ల్యాప్‌టాప్‌లున్నాయి. దానికి కంపెనీ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ‘విండోస్ 11 మన యంత్రానికి పనికిరాదంటున్నారు, పోనీ పాత విండోస్ 7 వేయించుకుంటే హాయిగా ఉంటుందేమో’ అని నన్ను అడిగిన మిత్రులున్నారు. వద్దని ఒక్క ముక్కలో చెప్పవచ్చు. కాని 2007లో అందరూ మెచ్చిన పని ఈనాడు ఎందుకు కూడదో తెలియాలంటే నాటి సంగతులు కొంత తెలియాలి.

హెడ్ గుమాస్తా, దుబాసీలు

కంప్యూటర్ పరిచయం తక్కువగా ఉన్నవారి కోసం ముందుగా ఒక మాట. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఆఫీసులో హెడ్ గుమాస్తా వంటిది. ఏ కాగితం ఏ సీటుకు పోవాలో, ఏ పని ముందు జరగాలో నిర్ణయించేది అదే. ప్రింటర్, తెర, శబ్దం, ఇంటర్నెట్ వంటి ఒక్కొక్క భాగానికి డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. అది హెడ్ గుమాస్తాకూ ఆ భాగానికీ మధ్య దుబాసీ. హెడ్ గుమాస్తా మారితే పాత దుబాసీల భాష ఆయనకు అర్థం కాకపోవచ్చు. నాటి గొడవకు మూలం చాలావరకు ఇదే.

మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పి 2001 అక్టోబరు 25న మార్కెట్లోకి వచ్చింది. దానికి 64 మెగాబైట్ల మెమరీ కనీసం, 128 ఉంటే మంచిదని అప్పట్లో చెప్పారు. మొదట్లో దానికీ తిప్పలు తప్పలేదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు ప్రపంచమంతటా ఎక్స్‌పి యంత్రాలను పట్టి పీడించింది. ఆ తరువాత 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 పేరుతో పెద్ద మరమ్మతు జరిగి, కంప్యూటర్ తెరవగానే కాపలా కాసే ఫైర్‌వాల్ అందరికీ అందింది. 2007లో జనం తిరిగి వెళ్లినది 2001 నాటి ఎక్స్‌పికి కాదు, ఆరేళ్లపాటు సానబెట్టిన ఎక్స్‌పికి. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఈ వ్యాసంలో ముందు ముందు దీనితోనే పని.

ఎక్స్‌పి తరువాతిది రావడానికి ఐదేళ్లు దాటింది. లాంగ్‌హార్న్ అనే పేరుతో మొదలైన పనిని 2004లో దాదాపు మొదటి నుంచి మళ్లీ చేపట్టవలసి వచ్చింది. చివరకు అది విస్టా అనే పేరుతో 2006 నవంబరు 30న సంస్థలకు, 2007 జనవరి 30న సామాన్య కొనుగోలుదారులకు అందింది. దాని పూర్తి హంగులు కనిపించాలంటే ఒక గిగాబైట్ మెమరీ, 128 మెగాబైట్ల గ్రాఫిక్స్ మెమరీ, డిస్కులో 15 గిగాబైట్ల ఖాళీ కావాలన్నారు. 512 మెగాబైట్లున్నా ‘విస్టా కేపబుల్’ అనే చీటీ అతికించుకోవచ్చన్నారు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఈ రెండో కోవలోవే.

భద్రత విషయంలో విస్టా ముందడుగు అన్నది నిజం. కాని తెరకు సంబంధించిన దుబాసీల పద్ధతి మొత్తం మారింది. పాత ప్రింటర్లకు, స్కానర్లకు కొత్త డ్రైవర్లు సమయానికి రాలేదు. డాస్ కాలంనాటి ప్రోగ్రాములు తెర నిండా కనిపించే వీలు విస్టా కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్లలో లేకుండా పోయింది. మా కార్యాలయంలో జీతాల బిల్లులు ఫాక్స్‌ప్రోలో రాసుకున్న ప్రోగ్రామ్ మీద నడిచేవి. నెలాఖరుకు బిల్లు తయారు కాకపోతే ఏమవుతుందో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పాలా?

మెట్టు దిగిన కంపెనీ

విస్టా వచ్చిన మూడు నెలలకే, 2007 ఏప్రిల్‌లో, డెల్ కంపెనీ వినియోగదారుల కోరిక మేరకు కొన్ని ఇన్‌స్పిరాన్ ల్యాప్‌టాప్‌లను, కొన్ని డైమెన్షన్ డెస్క్‌టాప్‌లను మళ్లీ ఎక్స్‌పితో ఇస్తామని ప్రకటించింది. తయారీదారులు ఎక్స్‌పితో యంత్రాలు అమ్మడం 2008 జనవరి 31తో ఆగిపోవాలని మైక్రోసాఫ్ట్ మొదట నిర్ణయించింది. 2007 సెప్టెంబరులో ఆ గడువును 2008 జూన్ 30 వరకు పొడిగించింది. అమెరికాలో ఇన్ఫోవరల్డ్ పత్రిక ‘ఎక్స్‌పిని కాపాడండి’ అంటూ ఉద్యమం నడిపితే రెండు లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. మనం కరువు భత్యం కోసం, పెన్షన్ సవరణ కోసం సంతకాలు సేకరించినవాళ్లమే గాని, ఒక సాఫ్ట్‌వేర్‌ను బతికించమని సంతకాలు పెట్టడం అంతకుముందు విన్నది కాదు.

అదే సమయంలో ‘విస్టా కేపబుల్’ చీటీ కొనుగోలుదారులను తప్పుదారి పట్టించిందంటూ 2007లో సియాటిల్ కోర్టులో దావా పడింది. ఆ విచారణ సందర్భంగా 2008లో కంపెనీ అంతరంగిక ఉత్తరాలు బయటపడ్డాయి. తమ సొంత పరికరాలకే డ్రైవర్లు లేవని కంపెనీ పెద్దలు ఒకరికొకరు రాసుకున్న సంగతి వాటి ద్వారా లోకానికి తెలిసింది.

వెనక్కి వెళ్లే హక్కు అందరికీ లేదన్నది గమనార్హం. విస్టా బిజినెస్, అల్టిమేట్ అనే ఖరీదైన రకాలు కొన్నవారికే ఎక్స్‌పి ప్రొఫెషనల్‌కు దిగే హక్కు లైసెన్సులో రాసి ఉండేది. దానినే డౌన్‌గ్రేడ్ హక్కు అన్నారు. హోమ్ రకాలు కొన్న సామాన్యులకు అది వర్తించలేదు. 2008 జూన్ 30 తరువాత ఈ హక్కు చాటునే తయారీదారులు ఎక్స్‌పి వేసిన యంత్రాలు అమ్మారు. లెక్కల్లో అది విస్టా, డిస్కులో ఉన్నది ఎక్స్‌పి. పాతది కావాలంటే అదనంగా చెల్లించవలసి రావడం కూడా జరిగింది. 59 డాలర్ల 25 సెంట్లు కట్టి తన కొత్త ల్యాప్‌టాప్‌ను ఎక్స్‌పికి మార్పించుకున్న ఒక అమెరికా కొనుగోలుదారు, ఆ రుసుము అన్యాయమంటూ 2009 ఫిబ్రవరిలో కోర్టుకెక్కారు.

ఇంకో సంగతి. 2007 చివర ఆసుస్ కంపెనీ ఈఈఈ పీసీ అనే చిన్న ల్యాప్‌టాప్‌ను లైనక్స్‌తో విడుదల చేసింది. అలాంటి చిన్న యంత్రాలు విస్టా బరువు మోయలేవు. వాటిని లైనక్స్‌కు వదిలేయడం ఇష్టం లేక మైక్రోసాఫ్ట్ వాటి కోసం ఎక్స్‌పి హోమ్ అమ్మకాలను కొనసాగించింది. మొత్తం మీద 2009 అక్టోబరు 22న విండోస్ 7 వచ్చాకనే ఈ అలజడి సద్దుమణిగింది. దానిలోని ప్రొఫెషనల్ రకానికి కూడా ఎక్స్‌పికి దిగే హక్కు ఇచ్చి, ముందు పెట్టిన గడువును 2010లో సడలించవలసి వచ్చిందంటే ఎక్స్‌పి మీద జనానికున్న మమకారం ఎంతటిదో తెలుస్తుంది.

పని జరిగిన తీరు

చెప్పినంత సులువుగా యంత్రం వెనక్కి మళ్లేది కాదు. ముందుగా ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించాలి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన రికవరీ భాగం నుంచి డివిడిలు తీసి పెట్టుకోవాలి. ఎందుకంటే ఎక్స్‌పి వేసేటప్పుడు డిస్కు మొదటి భాగాన్ని తన పద్ధతిలో తిరగరాస్తుంది. ఆ తరువాత తయారీదారు ఇచ్చిన రికవరీ మీట నొక్కినా పలకకపోవచ్చు. నెట్‌వర్క్ డ్రైవర్‌ను ముందే వేరే కంప్యూటర్‌లో దింపి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి. అది లేనిదే ఇంటర్నెట్ రాదు, ఇంటర్నెట్ లేనిదే మిగతా డ్రైవర్లు రావు.

అసలు చిక్కు హార్డ్‌డిస్క్ దగ్గర వచ్చేది. కొత్త ల్యాప్‌టాప్‌లలో సాటా డిస్కులు ఏహెచ్‌సీఐ అనే పద్ధతిలో పనిచేసేవి. 2001లో పుట్టిన ఎక్స్‌పి సీడీకి ఆ భాష రాదు. డిస్కు కనిపించలేదనేది, లేదా నీలిరంగు తెర చూపి ఆగిపోయేది. ఎఫ్ 6 మీట నొక్కి ఫ్లాపీలో ఉన్న డ్రైవర్ చూపించమని అడిగేది. ల్యాప్‌టాప్‌లలో ఫ్లాపీ అప్పటికే మాయమైంది! అందుచేత బయోస్‌లోకి వెళ్లి డిస్కును పాత ఐడీఈ పద్ధతికి మార్చడమో, ఎన్‌లైట్ అనే సాధనంతో డ్రైవర్‌ను కలిపి కొత్త సీడీ తయారు చేసుకోవడమో చేసేవాళ్లం.

మన తెలుగువారికి ఇంకొక మెలిక. తెలుగు లిపికి గౌతమి అక్షరాలు, తెలుగు కీబోర్డు విండోస్‌తో కలిసి వచ్చింది ఎక్స్‌పితోనే. అయితే క్లిష్ట లిపుల కోసం సెట్టింగుల్లో ఒక గడిలో టిక్కు పెట్టి, మళ్లీ సీడీ చూపించాలి. అది చేయకపోతే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా చెల్లాచెదురయ్యేవి. విస్టాలో ఇదంతా ముందే అమర్చి ఉండేది. వెనక్కి మళ్లినవారు మొదట పోగొట్టుకున్నది ఈ సదుపాయాన్నే. తెలుగు దినపత్రిక తెరిచి ‘వైరస్ పట్టిందండీ’ అని కంగారుపడిన సహోద్యోగికి ఆ టిక్కు పెట్టి చూపితే, అక్షరాలు వాటంతట అవే కూడుకున్నాయి.

ఎక్స్‌పి తరువాతి కథ

ఎక్స్‌పి ఎంత మంచిదైనా దానికీ ఉద్యోగ విరమణ తేదీ ఉంది. 2014 ఏప్రిల్ 8తో దాని భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. అయినా ఎక్కడివక్కడే ఉండిపోయాయి. మన దేశంలో ఏటీఎంలు సైతం ఎక్స్‌పి మీద నడుస్తుంటే, 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు గడువులు విధించి, 2019 జూన్ నాటికి మార్చాలని బ్యాంకులను ఆదేశించవలసి వచ్చింది.

ఈలోగా 2017 మే నెలలో వాన్నక్రై దాడి జరిగింది. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే డబ్బు కట్టమనే ఈ పురుగు బ్రిటన్ ఆసుపత్రులను స్తంభింపజేసింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లకూ సోకింది. మైక్రోసాఫ్ట్ తన నియమాన్ని పక్కనపెట్టి, మూడేళ్ల కిందట వదిలేసిన ఎక్స్‌పికి సైతం అప్పటికప్పుడు మరమ్మతు విడుదల చేసింది. అయితే దాడికి ఎక్కువగా గురైనవి ఎక్స్‌పి యంత్రాలు కావు, విండోస్ 7 యంత్రాలు. దాని మరమ్మతు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివారే దెబ్బతిన్నారు. అంటే ఇల్లు పాతదా కొత్తదా అన్నది కాదు, తలుపు గడియ బాగు చేసేవాడు ఉన్నాడా లేడా, చేసిన బాగును మనం వాడుకున్నామా లేదా అన్నదే ముఖ్యం.

2007కూ నేటికీ ఉన్న తేడా సరిగ్గా ఇదే. అప్పుడు మనం వెనక్కి వెళ్లినది మనుషులు కాపురమున్న ఇంటికి. ఎక్స్‌పికి ఇంకా ఏడేళ్ల ఆయుష్షు ఉంది. 2008లో సర్వీస్ ప్యాక్ 3 కూడా వచ్చింది. ఇప్పుడు విండోస్ 7కు వెళ్లడమంటే పాడుబడిన ఇంట్లో దిగడం. దానికి మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. గూగుల్ క్రోమ్ కొత్త రూపాలు 2023 ఆరంభం నుంచి దానికి రావడం లేదు. పైగా ఇటీవలి ల్యాప్‌టాప్‌లలో విండోస్ 7 డిస్కు పెడితే, దానికి యూఎస్‌బీ 3 తెలియదు గనుక మౌస్ కూడా కదలకపోవచ్చు.

మన ల్యాప్‌టాప్‌లలో ఉన్నవి సినిమాలు, ఫొటోలే కాదు. పెన్షన్ జమ అయ్యే ఖాతా, డిపాజిట్ల వివరాలు, ఆధార్, పాన్ కాపీలు ఉన్నాయి. కనుక సభ్యులకు నా మనవి ఇది. విండోస్ 11కు మారిన పది రోజుల్లోపు నచ్చకపోతే విండోస్ 10కు తిరిగి వెళ్లే మార్గం సెట్టింగుల్లోనే ఇచ్చారు. డ్రైవర్ కుదరనప్పుడు కొద్దికాలం ఆగడానికి అది పనికివస్తుంది, అక్కడే ఉండిపోవడానికి కాదు. విండోస్ 11 అందని యంత్రాలకు విండోస్ 10 భద్రతా మరమ్మతులు 2026 అక్టోబరు 13 వరకు పొడిగించే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అదీ చాలదనుకుంటే ఉబుంటు వంటి లైనక్స్ ఉచితంగా దొరుకుతుంది, మరమ్మతులూ అందుతాయి. పాతదానికి మళ్లదలచినవారు దుకాణదారును ‘ఇది వేగంగా నడుస్తుందా’ అని అడిగే ముందు ‘దీని మరమ్మతులు ఏ తేదీ వరకు’ అని అడగాలి. ఆ తేదీ దాటిపోయి ఉంటే, ఆ యంత్రంలో బ్యాంకు ఖాతా తెరవకండి.